అత్తయ్య తెచ్చిన సొర

మా అత్తయ్య మొన్న ఆదివారం పోయారు. చర్చిలో అందరూ లేచి ఆమె గురించి మాట్లాడారు. నలుగురిలో నాకు నోరు పెగలదు. అందుకే ఇలా రాస్తున్నాను.

నాకు అమ్మ లేదు. అందువల్ల కానుపు తిరువూరులో, అత్తింట్లోనే జరిగింది. పాప పుట్టింది గాని నాకు పాలు పడలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేక, పాప ఏడ్చినప్పుడల్లా గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని. అత్తయ్య ఏమీ అడగలేదు. పాపను పక్కింటి బాలింతకు అప్పగించి, తెల్లవారగానే బస్సెక్కి, బందరు దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న తన పుట్టింటికి వెళ్లారు. తాటాకు బుట్టలో ఉప్పు పట్టించి ఎండబెట్టిన సొరచేప ముక్కలతో తిరిగి వచ్చారు.

బస్సులో కండక్టరు, "ఏంటమ్మా ఈ కంపు? బుట్ట దించెయ్" అన్నాడట.

"కంపు కాదు నాయనా, మా మనవరాలి పాలు" అని, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారట.

ఆ ముక్కల్ని నానబెట్టి, ఉడికించి, గరుకు తోలు తీసేసి, చేత్తో పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లి దండిగా వేసి పిట్టు వండారు. నాకు భయం వేసింది.

"ఇది మనుషుల్ని తింటుందంట కదా అత్తయ్యా?"

"అది సముద్రంలో సంగతే. ఇక్కడ మనమే దాన్ని తినేది. నోరు తెరువు."

తినిపిస్తూ సొర సంగతులు చెప్పేవారు. నెత్తురు వాసన ఎంతో దూరం నుంచే పసిగడుతుందట. గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కనే సొరల్ని వాళ్ల నాన్న వలలో చూశారట.

"పాలిచ్చేది లేదు, జోకొట్టేది లేదు. పుట్టిన పిల్ల పుట్టినట్టే ఈదుకుంటా పోద్ది."

"పాలివ్వని చేపను తింటే నాకెట్టా వస్తాయండీ?"

"పిల్లలకి ఇయ్యని పాలన్నీ ఏం చేసిందనుకున్నావే? నీకోసమే దాచింది. తిను."

నవ్వొచ్చింది. కానుపయ్యాక నేను నవ్వడం అదే మొదలు. తర్వాత పాలు పడ్డాయి. సొర వల్లో, ఆమె మాటల వల్లో నాకు తెలియదు.

ఇప్పుడు మళ్లీ నెల తప్పాను. సిగ్గుపడి ఇంకా ఎవరికీ చెప్పలేదు. అత్తయ్య జ్వరంతో మంచాన పడకముందు ఒకసారి పుట్టింటికి వెళ్లొచ్చారు. ఎందుకో నేను అడగలేదు. సమాధుల దొడ్డి నుంచి ఇంటికొచ్చాక, ఉప్పు అయిపోతే ఉట్టి మీది కుండ దించాను. అందులో కొత్త ఉప్పులో సొర ముక్కలున్నాయి.

ఆమె వండుతుంటే చూశాను గాని, నా చేత్తో ఎప్పుడూ వండలేదు. వండినా, నోరు తెరువు అనేవాళ్లు లేరు.

కుండను మళ్లీ ఉట్టి మీదే పెట్టాను. మా పిల్లి దాని కింద కూర్చుని పైకి చూస్తోంది. పాప తప్పటడుగులు వేస్తూ వచ్చి పిల్లి పక్కన కూలబడింది. అదీ పైకే చూస్తోంది.