ఆగమని చెప్పే లైను

మొన్న ముదినేపల్లి హైస్కూలుకి వెళ్లాను. పిలిచింది అక్కడ కంప్యూటర్ పాఠాలు చెప్పే నా పాత శిష్యురాలు. రిటైరయ్యాక పెళ్లిళ్లకు తప్ప నన్నెవరూ పిలవరు కాబట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుడివాడలో బస్సు మారి మరీ వెళ్లాను. ఆవిడ నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టి పిల్లలతో అంది: "ప్రోగ్రాం ఎక్కడ ఆగాలో ముందు రాయండర్రా. మీ వయసులో నేను ఆ లైను మర్చిపోయి ఈ మాస్టారి పరువు తీశాను." పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. నిజానికి ఆ లైను ఆవిడ రాసింది. తీసేసింది నేను.

ఇరవై ఏళ్ల కిందట బందరులో మా స్కూలుకి రెండు కంప్యూటర్లు ఉండేవి. చెప్పులు బయట విడిచి, దేవుడి గదిలోకి వెళ్లినట్టు వెళ్లేవాళ్లం. లెక్కల మాస్టారినైన నాకు ఆ రోజుల్లో ఫ్రాక్టల్స్ పిచ్చి పట్టింది. పెద్ద కాలువలోంచి చిన్న కాలువలు, వాటిలోంచి పంటబోదెలు, ఎంత చిన్నదాన్ని చూసినా పెద్దదాని పోలికే అని బోర్డు మీద గీసి చెప్పేవాణ్ణి. క్లాసంతా కిటికీలోంచి బయటికి చూస్తుంటే, పెడన నుంచి రైల్లో వచ్చే కలంకారీ అద్దకం వాళ్ల అమ్మాయి మాత్రం వారంలో ప్రోగ్రాం రాసేసింది. అది ఒక కాలువ గీసి, దాని చివర రెండు చిన్నవి, వాటి చివర మళ్లీ రెండేసి గీసుకుంటూ పోయి, ఏడో వరస రాగానే ఆగమని రాసిన లైను దగ్గర ఆగేది. గుడివాడ సైన్స్ ఫేర్‌కి ఆ అమ్మాయి పేరే రాశాం.

జిల్లా విద్యాధికారి స్కూలు తనిఖీకి వచ్చే రోజు పొద్దున, ఇంకా సన్నగా గీస్తే ఇంకా బాగుంటుందని నాకు బుద్ధి పుట్టింది. ఫ్రాక్టల్‌కి అంతుండదని పుస్తకంలో చదివాను గానీ, మెషీనుకి ఉంటుందని తట్టలేదు. ఆ అమ్మాయికి చెప్పకుండా ఆగే లైను చెరిపేశాను. తీరా అధికారి ముందు గీత ఒక మూలకి వెళ్లి అక్కడే బిగుసుకుపోయింది. "ఎవరు రాశారిది?" అన్నారు హెడ్మాస్టరుగారు. "ఈ అమ్మాయేనండి. ఆగే లైను మర్చిపోయింది," అన్నాను. అంత తేలిగ్గా నోట్లోంచి ఎలా వచ్చిందో, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఆ పిల్ల నా వంక చూసి, "రాశాననుకున్నానండీ... సారీ అండీ," అంది. సైన్స్ ఫేర్ జాబితాలో ఆ పేరు కొట్టేయడానికి హెడ్మాస్టరుగారికి పెన్ను అందించింది కూడా నేనే.

మొన్న నన్ను ఆటో ఎక్కిస్తూ ఆవిడ, "పాఠం బాగా చెప్పానా మాస్టారూ?" అని అడిగింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. "బాగా చెప్పావమ్మా," అన్నాను. అప్పుడంటే ఉద్యోగం భయం. ఇప్పుడు పోయేదేముంది? ఏళ్లు గడిస్తే నా తప్పు పాతబడుతుందనుకున్నాను. అది ఆవిడ తప్పయి, ఏటేటా కొత్త పిల్లలకి పాఠంగా చేరుతోంది.