దింపు అయ్యాక స్వాధీనం

కోనసీమ జిల్లా కొత్తగా ఏర్పడిన రోజుల్లో అక్కడి ఓ చిన్న మునిసిపాలిటీకి నన్ను డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా వేశారు. ఊరి పేరు చెప్పను. చదివితే ఆ ఊరివాళ్లకి ఎలాగూ తెలుస్తుంది. మాది మార్కాపురం వైపు మెట్ట పల్లె. బిందె నీళ్లకి వరసలో నిలబడి పెరిగినవాణ్ణి. బస్సు గోదావరి దాటుతుంటే, ఇన్ని నీళ్లు వీళ్లకేం చేసుకోవడానికని కాస్త కడుపుమంట కూడా కలిగింది. రిటైరై సొంతూరు చేరాక ఇప్పుడా నీళ్ల కోసమే ప్రాణం కొట్టుకుంటోంది.

నేను చేరిన మరుసటి ఏడు ప్రసూతి ఆసుపత్రి భవనం మంజూరైంది. అప్పటిదాకా ఆసుపత్రి అద్దె ఇంట్లో నడిచేది. వాన గట్టిగా పడితే బాలింతల మంచాల కిందకి నీళ్లొచ్చేవి. స్థలం కొనడానికి కౌన్సిల్ ఒక కమిటీ వేసింది: ఛైర్మన్ గారు, ఇద్దరు కౌన్సిలర్లు, కమిషనరు, ఖర్చులు తేల్చి చెప్పడానికి నేను.

మా ముందు రెండు స్థలాలున్నాయి. ఊరి చివర మురుగుకాలవ పక్కన వరిచేను, ధర తక్కువ. బస్టాండుకి దగ్గర్లో కొబ్బరితోట, ధర ఎక్కువ. బయటివాడెవడైనా చేనే కొనమంటాడు. కానీ కోనసీమలో పల్లపు నేల కొన్నాక దాన్ని మెరక చెయ్యాలి, అంటే లారీలతో మట్టి తోలించి రోడ్డు కన్నా ఎత్తుకి లేపాలి. ఆ మట్టి ఖర్చూ, మెత్తటి నేలలో లోతుగా వెయ్యాల్సిన పునాది ఖర్చూ కలిపితే చివరికి, ముందే మెరక మీదున్న తోట కన్నా చేనే ఖరీదు. నేను తయారుచేసిన అంచనాలు చూసి కమిటీ తోట వైపు మొగ్గింది.

తోట మంగతాయారు అనే ఆవిడది. కువైట్‌లో ఎవరింట్లోనో వంటపని చేస్తూ, కూడబెట్టిన జీతంతో కొనుక్కుంది. ఇక్కడ చూసుకునేది తమ్ముడు. ఆసుపత్రి అనేసరికి ఫోన్లోనే ఒప్పుకుంది; తమ్ముడి భార్యకి ఆ అద్దె ఇంట్లోనే, ఆ నీళ్లలోనే కాన్పయిందట. షాపులకైతే మాత్రం ఇవ్వనని ఖరాఖండిగా చెప్పింది. మార్చి మొదట్లో రిజిస్ట్రేషన్ కోసం సెలవు పెట్టుకుని వచ్చింది.

కమిటీ తోట చూడ్డానికి వెళ్లిన రోజు అందరికీ బొండాలు కొట్టించింది. స్థల పరిశీలనకి వెళ్తే అమ్మే పార్టీ దగ్గర మంచినీళ్లు కూడా ముట్టకూడదని నా పట్టుదల. ఆ మాటే అన్నాను.

"మా తోటలోకొచ్చి దాహం పుచ్చుకోకుండా ఎలా వెళ్తారండీ? ఇంకా నాదే కదండీ" అంది. తాగాను.

అప్పుడడిగింది ఒకే ఒక్క కోరిక. తోట కొన్నాక ఒక్క దింపు కూడా తను కళ్లారా చూడలేదట. దింపంటే చెట్టెక్కి, ముదిరిన గెలలు కోసి కాయలు దించడం. సుమారు రెండు నెలలకోసారి వస్తుంది. తమ్ముడు వీడియోలు పంపేవాడు. ఈసారి తను దిగేసరికి దింపు అప్పుడే అయిపోయింది. మళ్లీ ఏప్రిల్లోనే.

"అక్కడ పడుకున్నా కాయ పడ్డ చప్పుడే తల్చుకునేదాన్నండి. ఒక్క దింపు చూసి ఇచ్చేస్తానండి" అంది.

చిక్కేమిటంటే, గ్రాంటు మార్చి ఆఖరుకి మురిగిపోతుంది. ఈలోగా రిజిస్ట్రేషన్ కాకపోతే డబ్బు వెనక్కి, బాలింతలు మళ్లీ ఆ నీళ్లలోకి. ఓ కౌన్సిలర్ గారు విసుక్కుని, ముందే దింపించేస్తే పోలేదా అన్నారు. ఛైర్మన్ గారు స్వయంగా కొబ్బరి రైతు. ఆయన్ని ఎగాదిగా చూసి, "లేతకాయ దింపుతారేంటండీ? చెట్టు ఉసురు తగల్దూ?" అన్నారు. 

కొనుగోలు ఒప్పందంలో మామూలుగా రిజిస్ట్రేషన్ రోజునే స్వాధీనం అని రాస్తాం. అది అలవాటే గాని, రెండూ ఒకే రోజు జరగాలని ఏ నిబంధనా లేదు. హక్కు మార్చిలో రాయించుకుని, స్వాధీనం దింపు అయ్యాక తీసుకుందామన్నాను. "ఆయ్, అదీ మాట" అన్నారు ఛైర్మన్ గారు. తీర్మానంలో అలాగే రాశాం. భవనం కట్టాల్సిన కాంట్రాక్టరు, పని ఆలస్యమవుతుందని గునిశాడు. తర్వాత ఆడిట్‌కి వచ్చినాయన మా వైపువాడే, "ఈ దింపు ఏంది సార్?" అని అడిగి, అర్థమయ్యాక కూడా అభ్యంతరం రాసే వెళ్లాడు.

దింపుకి నన్నూ పిలిచింది. కాయలు దబదబా పడుతుంటే, కిందకి వెళ్లొద్దని తమ్ముడు కేకలేస్తున్నా ఆవిడ వినిపించుకోలేదు. తోట కళ్లెదుటే ఉంది, ఆవిడ మొహంలో మాత్రం ఇంకా కువైట్‌లోనే ఉన్నంత బెంగ. ఆఖరి చెట్టు మీంచి మనిషి దిగాక చెంగుతో మొహం తుడుచుకుని, "ఇంక తీసుకోండి" అంది. సాయంత్రం స్వాధీన పత్రం మీద సంతకం పెట్టి, ఆ వారమే వెళ్లిపోయింది. ఇప్పుడు తమ్ముడు ఆసుపత్రి వీడియోలు పంపుతున్నాడట.

వెళ్లేముందు మొలకొచ్చిన కాయ ఒకటి నా జీపులో పెట్టించింది. నా పట్టుదల సంగతి బొండాం దగ్గరే తేలిపోయింది కదా, కాదనలేదు. మా పెరట్లో నాటి ట్యాంకరు నీళ్లు పోస్తున్నాను. బతికుంది, కాపు మాత్రం లేదు. దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే కోనసీమ కాలవగట్లు గుర్తొచ్చి, చెప్పుకోడానికి సిగ్గెందుకు, కళ్లు తడుస్తాయి.

శాఖలో కొత్తగా చేరినవాళ్లు స్థలాల కొనుగోలు గురించి ఫోన్ చేసి అడుగుతుంటారు. రేటూ కొలతలూ తర్వాత అడగండి, ఆ నేల మీద మీకింకా తీరాల్సిందేమైనా ఉందా అని అమ్మేవాళ్లని ముందు అడగండి అంటాను. ఉంటే దానికి గడువు తీర్మానంలోనే రాయండి. నోటిమాటగా వదిలేస్తే మీ తర్వాత వచ్చే అధికారి దాన్ని నిలబెట్టడు.