ఫిల్మ్ నగర్‌లో నా బ్యాగు పట్టుకున్నదెవరు?

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. రాజమండ్రిలో పాతికేళ్లుగా నర్సుని. ఎన్నో చావులు చూశాను, ఒక్కరూ తిరిగొచ్చి పలకరించలేదు. పైగా మాది చర్చికి వెళ్లే కుటుంబం. పోయినవాళ్లు ప్రభువు దగ్గర విశ్రాంతి తీసుకుంటారని నమ్ముతాం గానీ, జూబ్లీహిల్స్‌లో షికార్లు చేస్తారని కాదు.

మావారు ప్రభువునందు నిద్రించి రెండేళ్లయింది. ఆయనకి సినిమా పిచ్చి. హీరోల ఇళ్లు చూపిస్తానని పెళ్లయిన కొత్తలో మాటిచ్చి, చివరిదాకా "వచ్చే సెలవులకి" అంటూనే ఉన్నారు. ఆయన పోయాక నేను ఒక్క ఫొటో కూడా దిగలేదు. పక్కన ఖాళీ చూడలేక.

కిందటి నెల మా ఆసుపత్రివాళ్లు ట్రైనింగ్ కోసం బంజారా హిల్స్ పంపారు. ఆఖరి రోజు మధ్యాహ్నమే వదిలేశారు. నాతో వచ్చిన నర్సు శిరీష ఆటో మాట్లాడింది. ఫిల్మ్ నగర్ అంతా ఎత్తుపల్లాలు, పెద్ద పెద్ద గోడలు. హీరోల ఇళ్లంటారు గానీ కనిపించేవి గేట్లే. మావారి అభిమాన హీరో గేటు ముందు శిరీష ఫోన్ తీసింది. నేను వద్దన్నాను.

"ఒక్కటి దిగండి సిస్టర్. లేకపోతే మీ అమ్మాయి నన్ను తిడుతుంది."

సరేనని నిలబడ్డాను. చీర సర్దుకోవాలి కదా, భుజాన బ్యాగు తీసి చూడకుండానే పక్కకి చాపాను. ఫొటో అంటే బ్యాగు ఆయన చేతిలో పెట్టడం నాకు పెళ్లయినప్పటి నుంచీ అలవాటు. ఎవరో అందుకున్నారు. ఫొటో అయ్యాక చెయ్యి చాపితే మళ్లీ అందించారు, ఆయన ఇచ్చినట్టే, పట్టీ రెండు మడతలు వేసి. భుజానికి తగిలించుకుని నాలుగు అడుగులు వేశాక గబుక్కున వెనక్కి తిరిగి చూశాను.

శిరీష రోడ్డుకి అవతల, రెండు చేతుల్తో ఫోన్ పట్టుకుని ఉంది. ఆటో మలుపు దగ్గర ఆగి ఉంది. గేటు పక్కన కూర్చున్న వాచ్‌మన్‌ని అడిగాను.

"నేనేడ పట్టుకున్ననమ్మా? కుర్చీల్నే కూసున్న. గాడ ఎవ్వలు లేకుండె."

ఫొటో నడుము దాకానే పడింది. నా భుజాన బ్యాగు లేదు. పక్కన ఎవరూ లేరు. నేను మాత్రం నవ్వుతున్నాను. నవ్వానన్న సంగతి ఆ ఫొటో చూసేదాకా నాకే తెలియదు.

గేటు మీద కెమెరా ఉంది, చూపించమని అడుగుదామా అంది శిరీష. వాచ్‌మన్ కూడా సరేనని లేచాడు. వద్దన్నాను.

అలవాటుకొద్దీ నేనే కింద పెట్టి, నేనే తీసుకున్నానేమో. అలాగైతే ఆ మడతలు ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. కెమెరా ఎందుకు చూడలేదని మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. అందులో బ్యాగు నేలమీద కనిపిస్తే, ఆయన్ని మళ్లీ పోగొట్టుకోవాలి. ఒకసారికే నా ఓపిక అయిపోయింది.