మోగని రూపాయి

నాణేల పెట్టె మూత తీసినప్పుడల్లా ముందు కర్పూరం వాసన కొడుతుంది, దాని వెనకాలే పచ్చి రొయ్యల వాసన. రెండోది నా భ్రమేనని మా ఇంట్లోవాళ్ళంటారు. నలభై ఏళ్ళ కిందటి రొయ్యలు ఇప్పుడు విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్లో ఎలా వాసన కొడతాయి? కానీ నాకు కొడుతుంది.

మా ఉయ్యూరులో చెరకు సీజను మొదలైందంటే ఊరంతా కాగిన పాకం వాసనతో నిండిపోయేది. మిగతా పిల్లలు ఫ్యాక్టరీకి వెళ్ళే బళ్ళ వెనక పరిగెత్తి గడలు లాక్కుని, పెదాలు కోసుకుపోయేదాకా నమిలి, అట్లతద్దికి తెల్లారకముందే గోంగూర పచ్చడీ పెరుగన్నమూ తిని ఉయ్యాలలూగి పొద్దుపుచ్చుతుంటే నేను మాత్రం అరుగు మీద మా తాతయ్య పక్కన కూర్చుని రూపాయలు మోగించేదాన్ని. తాతయ్య బిస్కెట్ డబ్బాలో కర్పూరం బిళ్ళలు వేసి పాత నాణేలు దాచేవాడు. భోజనమయ్యాక కండువా పరిచి, ఒక్కొక్కటే వేలికొన మీద నిలిపి ఇంకో నాణెంతో తట్టి, కళ్ళు మూసుకుని వినేవాడు. మంచి వెండి ‘ణింగ్’ మని చాలాసేపు పాడేది. సీసం కలిపిన దొంగది ‘టప్’ మని ఊరుకునేది. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటుందనీ, దాని మీది రాజుగారి గడ్డం ముద్దగా ఉంటుందనీ కూడా చెప్పేవాడు గానీ, అవి భూతద్దం పెట్టి ఓపిగ్గా చూడాల్సిన పనులు. నాకంత ఓపిక ఎక్కడిది? పదేళ్ళకే వీధిలోవాళ్ళు పెట్టెల అడుగునుంచి నాణేలు తీసుకొచ్చి నా చేత మోగించుకునేవాళ్ళు. ఆ గొప్పకి నా కాళ్ళు నేల మీద నిలిచేవి కావు.

బందరు వైపు నుంచి మొదటి బస్సులో చేపల గంపతో నాంచారమ్మ దిగేది. చందువాలైనా రొయ్యలైనా, పిల్లలున్న ఇంటికి గుప్పెడు కొసరు వేయందే కదిలేది కాదు. ఆవిడ మెడలో నల్లతాడుకి ఒక వెండి రూపాయి వేలాడుతుండేది. వాళ్ళమ్మ పోయాక పడవా వలలూ అన్నదమ్ములు పంచుకుంటే, కూతురికి దక్కింది ఆ రూపాయే. ఓ రోజు దానికి అతికించిన రింగు ఊడిపోయి, చెంగున ముడేసుకొచ్చింది.

“తాతగారు లేరాండి అమ్మాయిగారూ? దీని మీద ఏ రాజున్నాడో కాస్త సదివి సెప్పండి. మాయమ్మక్కూడా తెలవదు.”

ఆవిడ అడిగింది చదవమని. నేను మోగించాను. టప్ మంది.

“నాంచారమ్మా, ఇది దొంగ రూపాయి!” అన్నాను, గంప చుట్టూ చేరినవాళ్ళందరికీ వినబడేలా. ఎవరో నవ్వారు. “అయితే నీ తూకం రాళ్ళు కూడా ఓసారి అమ్మాయికి చూపించుకోవే,” అంది ఎదురింటావిడ.

నాంచారమ్మ ముఖం చిన్నబోయింది. “మాయమ్మ అట్టాంటిది కాదండి,” అంది మెల్లగా. రూపాయి ఇవ్వబోతే తీసుకోలేదు. “ఉంచండి, ఆడుకుందురుగానీ,” అని గంప ఎత్తుకుంది. ఆ రోజు కూడా కొసరు వేసే వెళ్ళింది. ఆ రొయ్యలు వేపుడు చేస్తే నేను రెండుసార్లు వడ్డించుకు తిన్నాను.

మధ్యాహ్నం తాతయ్య దాన్ని భూతద్దం కింద చాలాసేపు తిప్పి చూశాడు. అంచున గాట్లు సరిగ్గా ఉన్నాయి, అతుకు గీత లేదు, త్రాసులో మంచి రూపాయితో సరితూగింది. రింగు అతికించిన చోట మాత్రం వెంట్రుకంత పగులుంది. “పగులుంటే మంచి వెండైనా మోగదమ్మడూ. మెళ్ళో వేసుకున్నదాన్ని మోగించి తేల్చకూడదు. రేపు నువ్వే ఇచ్చి, అందరి ముందూ చెప్పు,” అన్నాడు.

మర్నాడు నాంచారమ్మ వచ్చింది. మెడ బోసిగా ఉంది. ఎదురింటావిడ చేపను రెండుసార్లు తూయించింది. రూపాయి నా గుప్పిట్లోనే ఉంది. తప్పు చెప్పానంటే ఇక నాణేలు నా దగ్గరికి ఎవరు తెస్తారు? అదొక్కటే నా భయం. తాతయ్య అడిగితే ఇచ్చేశానన్నాను. ఆ మరుసటి రోజూ నోరు విప్పలేదు. కొన్నాళ్ళకి నాంచారమ్మ మా వీధికి రావడం మానేసింది. ఎందుకు మానేసిందోనని అమ్మ చాలాసార్లు అనుకుంది. అలా అన్నప్పుడల్లా నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని. పెద్దయ్యాక బందరు వెళ్ళి రేవులో అడిగాను. ఏ నాంచారమ్మ అన్నారు. ఇంటిపేరు కూడా తెలియదు నాకు.

ఇప్పుడు ఫోన్లో బుక్ చేస్తే రొయ్యలు ఒలిచి, ప్యాకెట్లో తెచ్చిస్తున్నారు. వీధిలో కేక లేదు, కొసరు లేదు. ఉయ్యూరులో ఆ అరుగూ లేదు. మొన్న ఆదివారం మా ఆఫీసులో ఒకాయన, కొత్తగా నాణేలు పోగుచేస్తున్న మనిషి, నా పెట్టె చూడ్డానికొచ్చి ఆ రూపాయినే తీసి వేలి మీద తట్టాడు. టప్ మంది.

“ఇది నకిలీదండీ మేడమ్. మిమ్మల్నెవరో మోసం చేశారు.”

“కాదండీ,” అన్నాను. “అది మంచి రూపాయి. నాంచారమ్మది. వాళ్ళమ్మ ఇచ్చింది.”

ఆయన మర్యాదగా తలూపి, రూపాయిని జాగ్రత్తగా గడిలో పెట్టేసి, “నాంచారమ్మ ఎవరండీ?” అని అడిగాడు.