గడియ లేని తలుపు

కాంతం ఇంటి పెరటి తలుపుకు గడియ లేదు. మూడేళ్ళ క్రితం ఒకడు దాన్ని ఊడబెరికి లోపలికి వచ్చాడు. ఆమె మళ్ళీ పెట్టించలేదు.

అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. లండన్ శివారు ఇల్ఫర్డ్‌లో ఆ వీధి అంతా పనికి పోయి ఉంది. వాడు ఆమె మెడలోని పుస్తెలతాడు తెంపుకున్నాడు. మిగతా బంగారం ఎక్కడని అడిగాడు. ఆమె చెప్పలేదు. భర్త బాబూరావు వాడి వెంటపడి పెరటి మెట్టు మీద కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. గోడ దూకే ముందు వాడు వెనక్కి తిరిగి, మళ్ళీ వస్తానన్నాడు.

వాడు దొరికాడు. దొంగతనానికి శిక్ష పడింది. చావుకు మాత్రం గుండెజబ్బే కారణమని రాశారు. శిక్షలో సగం గడిచాక వాడు బయటికి వచ్చాడు.

కాంతానికి యాభై ఏడు. హాస్పిటల్ లాండ్రీలో పని. వాడు విడుదలైన వారమే పని వేళల రోటా మార్పించుకుంది. అప్పటి నుంచి తెల్లవారుజామున వెళ్ళి పన్నెండింటికల్లా ఇంట్లో ఉంటోంది.

అనంతపురం దగ్గరి పల్లెలో ఆమె నాయనకు లైసెన్సు తుపాకి ఉండేది. ఎన్నికలొస్తే దాన్ని గుడ్డలో చుట్టి పోలీస్ స్టేషన్‌లో అప్పగించి, అయ్యాక తెచ్చుకునేవాడు. ఆ నిక్కచ్చితనం కూతురికి వచ్చింది. దొంగ తుపాకి సంగతి ఆమె తలపెట్టలేదు. లైసెన్సు దరఖాస్తు తెచ్చుకుంది. కారణం దగ్గర, నాయన లైసెన్సు పుస్తకంలో ఉన్నట్టే, ఆత్మరక్షణ అని రాసింది.

తిరస్కరించారు.

ఎసెక్స్ పొలాల మధ్య ఒక షూటింగ్ క్లబ్బులో చేరింది. నేర్పేవాడు కెన్ అనే ముసలాయన. ఆమె చెప్పింది విని చాలాసేపు నవ్వాడు.

“ఆత్మరక్షణ అని రాశారా, మిసెస్ రావ్? మా తాత రాసి ఉంటే ఇచ్చేవాళ్ళు. 1920లో లైసెన్సు చట్టం వచ్చింది. రెండో యుద్ధం అయిన మరుసటి ఏడాది, ఇల్లు కాచుకోవడాన్ని కారణంగా ఒప్పుకోబోమని హోం మంత్రి చెప్పేశాడు. తొంభై ఏడులో నా పిస్తోళ్ళూ ప్రభుత్వానికి ఇచ్చేశాను. డన్‌బ్లేన్‌లో ఒకడు బడిపిల్లల్ని పిస్తోళ్ళతో కాల్చి చంపాక ఏ మొహంతో దాచుకుంటాను?”

“మరి దొంగ వస్తే?”

“చేతికి ఏది అందితే దానితో. మితిమీరకుండా. పెనమైనా సరే. పెనానికి ఎవరూ లైసెన్సు అడగరు.”

పద్నాలుగు నెలలు ప్రతి ఆదివారం వెళ్ళింది. మొదట షాట్‌గన్ దెబ్బకు భుజం నల్లబడింది. తర్వాత అలవాటైంది. గురి కోసం ఎగరేసే మట్టి బిళ్ళలు గాలిలోకి లేచేవి. ఇరవై అయిదింటిలో ఇరవై రెండు పగిలేవి.

“ఎవరి మీద ఇంత కోపం?” అన్నాడు కెన్.

“గాలి మీద,” అంది.

రెండోసారి దరఖాస్తులో ఆట అని రాసింది. అది ఇప్పుడు అబద్ధమూ కాదు. ఇల్లు చూడడానికి అధికారి వస్తున్నాడని తెలిసి కూతురు సిరి కేంబ్రిడ్జ్ నుంచి వచ్చింది.

“అమ్మా, ప్లీజ్. వాడు రాడు.”

“వస్తాడు. చెప్పినాడు కదా.”

“మమ్, అది దొంగ మాట!”

“దొంగదైనా మాట మాటే. మీ నాయన రిటైరయినాక నన్ను ఊరంతా తిప్పుతానన్నాడు. తప్పినాడు. వీణ్ణి తప్పనియ్యను.”

అధికారి ఇనప బీరువా చూశాడు. దాన్ని నాలుగు బోల్టులతో ఇటుక గోడకు బిగించారు. తాళంచెవి ఆమె దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. ఆమె ఆరోగ్యం గురించి జీపీ డాక్టరు ఇచ్చిన ఉత్తరం సరిగ్గా ఉంది. తర్వాత ఆయన పెరటి తలుపును రెండు వేళ్ళతో నెట్టాడు. తెరుచుకుంది. ఎదురుగా మెట్టు.

“అప్పటి నుంచి ఇలాగే ఉందా?”

“ఉంది.”

“భయం వేయలేదా?”

“లేదు.”

ఆయన తలుపు దగ్గరగా వేశాడు. “గడియ, తాళం పెట్టించి ఫోటో పంపండి. అంతవరకు ఇవ్వలేను. మిగతావన్నీ బాగున్నాయి.”

సిరి అక్కడే నిలబడి ఫోన్ చేసింది. మంగళవారం తాళాల మనిషి వచ్చాడు. కొత్త ఇత్తడి గడియను బల్ల మీద పెట్టి, పాత మేకులు పీకడం మొదలుపెట్టాడు.

కాంతం గడియను చేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది. ఇది పడితే తుపాకి వస్తుంది. వాడు వచ్చి, నెట్టి చూసి, వెళ్ళిపోతాడు. బీరువాలో తుపాకి ఆదివారాలు బిళ్ళలు కొట్టుకుంటూ ముసలిదవుతుంది. ఆమె కూడా.

గడియను తిరిగి బల్ల మీద పెట్టింది.

“వద్దు. వెళ్ళండి.”

సాయంత్రం సిరికి ఫోన్‌లో చెప్పింది.

“అయితే గన్ రాదు?”

“రాదు.”

“థాంక్ గాడ్. వదిలేశావు కదమ్మా?”

“అన్నం తిన్నావా?” అని అడిగి, కాంతం ఫోన్ పెట్టేసింది.

మరునాడు లాండ్రీ నుంచి వచ్చి ఎండుమిరపకాయలు దంచింది. రోకలి ఆమె తల్లిది, పెళ్ళినాడు వెంట వచ్చింది. కారం జల్లించి సీసాకు ఎత్తింది. రోకలి కడిగి, తుడిచి, ఎప్పుడూ ఉండే చోటే పెట్టింది. ఆ చోటు పెరటి తలుపు పక్కన.

పన్నెండున్నర అయింది. మెట్టు మీద ఎండ పడింది. ఆమె కుర్చీని తలుపు వైపు తిప్పుకుని కూర్చుంది.