నీళ్ళ గుర్రం కథ మానేసిన దొరసాని

ఈ ఉదయం ఇక్కడ గల్ఫులో, ఖురం అనే పేటలో మా అమ్మాయి ఇంట్లో టీ తాగుతుండగా, వర్షాలున్నాయి, వాదీలు దాటవద్దని ఫోన్‌కి హెచ్చరిక వచ్చింది. ఏడాది పొడుగునా ఎండిపోయి ఉండి, కొండల్లో వాన పడితే ఒక్కసారిగా పొంగే ఆ వాగుల సంగతి మీలో గల్ఫులో ఉన్నవాళ్ళకి తెలుసు. నాకు మాత్రం వాటి పేరు వింటే చాలు, ఈ దేశంలోనే సముద్రం ఒడ్డున ఉన్న సూర్ అనే ఊళ్ళో నర్సుగా చేరిన తొలి రోజులూ, మా పక్కింటి స్కాట్లాండ్ దొరసానీ గుర్తొస్తారు.

ఆమె భర్త గ్యాస్ ప్లాంట్‌లో ఇంజనీరు, వాళ్ళకి ఒక్కతే పాప. నాకు డ్యూటీ లేని సాయంత్రాలు ఆమె వరండాలో కూర్చుని పాపకి వాళ్ళ దేశపు కథలు చెబుతుంటే, వచ్చీరాని ఇంగ్లీషుతో నేనూ వినేదాన్ని. వాటిలో కెల్పీ అనే నీళ్ళ గుర్రం కథంటే పాపకి వణుకు. చెరువు ఒడ్డున అందమైన గుర్రం ఒంటరిగా నిలబడి ఉంటుందట, దాని జూలు నుంచి ఎప్పుడూ నీళ్ళు కారుతుంటాయట, ముద్దొచ్చి నిమిరిన పిల్లల చెయ్యి దాని ఒంటికి అతుక్కుపోతే, అది వాళ్ళతో సహా నీళ్ళలోకి దూకేస్తుందట. మా గోదావరి కాలవల దగ్గర మా నాయనమ్మ కూడా ఏదో ఒక పేరు చెప్పి పిల్లల్ని ఇలాగే బెదిరించేది కనుక, చర్చికి వెళ్ళేదాన్నైనా నాకది వింతగా అనిపించలేదు. పాప నిద్రలో కలవరిస్తోందని తండ్రి విసుక్కోవడంతో దొరసాని ఆ కథ మానేసింది.

ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళు కారులో ఇంటికి వస్తూ, మోకాలి లోతైనా లేని వాదీని దాటబోయారు. ఊళ్ళో చినుకు లేదు. నడిమధ్యకి వచ్చేసరికి కొండల మీది నీరు వచ్చి పడింది. అతన్ని మేకల కాపరులు తాడు వేసి లాగారు, పాప దొరకలేదు. నీరు ఇంకిపోయాక రాళ్ళ మధ్య కారొక్కటే కనిపించింది.

అతన్ని మా వార్డులోనే చేర్చారు. మంచం పక్కన కూర్చున్న దొరసాని ఏడవలేదు, అతన్ని ఒక్క మాటా అనలేదు. నేను సెలైన్ మారుస్తుంటే మాత్రం నా చెయ్యి పట్టుకుని, "సిస్టర్, ఇక్కడ చెరువే లేదు కదా అని ఆ కథ మానేసి ఊరుకున్నాను. పాపకి ఆ భయం ఉంచాల్సింది," అంది. కారు నడిపింది పాప కాదు కదమ్మా అనబోయాను. అతను కళ్ళు తెరిచి వింటున్నాడు. సెలైన్ చుక్కలు సరిచేసి పక్క మంచం దగ్గరికి వెళ్ళాను.

కోలుకున్నాక అతను వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. ఆమె వెంట వెళ్ళలేదు, చాలాకాలం ఆ రాళ్ళలో వెతుకుతూ తిరిగి, చివరికి వట్టి చేతులతో వెళ్ళింది.

ఇప్పుడక్కడ వంతెన కట్టారు, కింద వాదీ ఉందని కూడా తెలియకుండా కార్లు దాటిపోతున్నాయి. ఆనాటి ఇరుగుపొరుగు ఎటువాళ్ళటు పోయారు. ఆ పాప పేరు పలికేవాళ్ళు సూర్‌లో ఒక్కరూ లేరు, ఈ మధ్య నాకూ ఆ పేరు ఒక్కోసారి ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.