ఉత్తుత్తి కోర్టులో అసలు కోపం

నారాయణగూడలో ఒక సివిల్ లాయరు గారి ఆఫీసులో ఇరవై ఏళ్లు స్టెనోగా పనిచేశాను. సార్ చెబుతుంటే షార్ట్‌హ్యాండ్‌లో దించుకోవడం, ఆయన ఆగగానే చదివి వినిపించడం, తర్వాత టైపు కొట్టడం. ఒక్క మాట పొల్లు పోయేది కాదు. ఆ విషయంలో నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

2010లో ఒక స్థలం దావా టైపు చేస్తుంటే హద్దుల దగ్గర తప్పు కనిపించింది. తూర్పున ఉండాల్సిన రోడ్డు పడమరకు వెళ్లింది. రాసింది సార్ కొడుకు, అప్పుడే కొత్తగా నల్లకోటు వేసుకున్నవాడు. వెళ్లి చెప్పాను. అతను తలైనా ఎత్తకుండా, "మీరు టైప్ చేయుండ్రి అక్కా, లా మేం చూసుకుంటం" అన్నాడు. దావా అలాగే వెళ్లింది, కోర్టు నుంచి అలాగే తిరిగొచ్చింది. తప్పు సరిచేసి మళ్లీ టైపు కొట్టింది నేనే. ఆ వారంలోనే లా ఎంట్రెన్స్‌కు దరఖాస్తు పెట్టాను. అప్పటికి నాకు నలభై రెండేళ్లు.

"ఈ వయసుల పరీక్షలేంది?" అన్నాడు మా ఆయన. నా ముఖం చూసి, "సరే తీయ్, రాత్రి అన్నం నేను వండుత" అన్నాడు. వండాడు కూడా. మొదటి నెలంతా ముద్దగానే తిన్నాం.

సాయంకాలం కాలేజీలో మొదటి రోజే నా అదృష్టానికి నేనే మురిసిపోయాను. అక్కడ పాఠం అంటే డిక్టేషనే! లెక్చరర్లు నోట్సు చెబుతూ పోతారు, పిల్లలు చేతులు విదిలించుకుంటూ "సార్, జర ఆగుండ్రి సార్" అని బతిమాలతారు. నేను మాత్రం కాలు మీద కాలు వేసుకుని, సార్ దగ్గితే ఆ దగ్గు తప్ప అన్నీ దించేసేదాన్ని. పరీక్షలొస్తే చిక్కడపల్లిలో జిరాక్స్ షాపతను నన్ను చూడగానే "నోట్స్ అక్క వచ్చింది" అనేవాడు. రెండేళ్లు మహారాణిలా గడిచాయి. పొద్దున ఆఫీసు, సాయంత్రం క్లాసు, ఆదివారం చిక్కడపల్లి లైబ్రరీ. గ్రూప్స్‌కు చదివే పిల్లల మధ్య చోటు కోసం నేనూ తెల్లారకముందే లేచి పరుగెత్తేదాన్ని. ఒళ్లు హూనమయ్యేది, అయినా అంత హుషారు నాకు పెళ్లైన కొత్తలో కూడా లేదు.

మూడో ఏడు మూట్ కోర్టు వచ్చింది. అంటే ఉత్తుత్తి కోర్టు. బల్లలు జరిపి లెక్చరర్ జడ్జిగా కూర్చుంటారు, మేం రెండు పక్షాలుగా వాదించాలి. అందులో తప్పితే డిగ్రీ రాదు.

నా వంతు వచ్చింది. యజమాని కిరాయిదారును ఖాళీ చేయమన్న కేసు, నేను కిరాయిదారు తరఫు లాయర్ని. నల్లకోటు వేసుకుని నిలబడ్డాను. జడ్జి స్థానంలో ఉన్న లెక్చరర్ కేసు సంగతులన్నీ గంభీరంగా చెప్పి, ఆగి, నా వైపు చూశారు. నేను వెంటనే ఆయన చెప్పినదంతా మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. ఆయన మాట్లాడినంతసేపూ నా చేయి దానంతట అదే రాసేసింది. ఆయన ఆగారు, నేను చదివాను. అంతే. చదివి, తర్వాతి పేరా కోసం పెన్సిల్ పట్టుకుని ఎదురుచూస్తున్నాను!

క్లాసంతా పడీపడీ నవ్వింది. "బాగుందమ్మా, కానీ ఇవి నా మాటలు. మీ మాటలేవి?" అన్నారు లెక్చరర్. నా దగ్గర ఒక్కటీ లేదు. "వచ్చే వారం ఇంకొక్కసారి అవకాశం ఇస్తాను" అని ఆయన కాగితం మడిచేశారు. అంత సిగ్గు నేను జన్మలో పడలేదు. ఇంకా చెప్పాలంటే, భయం వేసింది. డిగ్రీ పోతే చచ్చేదాకా ఆ కుర్చీలో కూర్చుని ఇంకొకరి తప్పులు టైపు కొట్టాల్సిందే.

నా పక్కన కూర్చునే అమ్మాయిది మహబూబ్‌నగర్ దిక్కు పల్లె. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి పొద్దున గ్రూప్స్ కోచింగ్‌కు, సాయంత్రం కాలేజీకి వచ్చేది. ఆ రోజు బయటికి రాగానే చేయి చాపింది.

"అక్కా, ఆ పెన్సిల్ ఇటియ్యి."

"ఎందుకే?"

"నీ చేతిల అది ఉన్నన్ని దినాలు నీ నోరు తెరుచుకోదు."

ఇచ్చేశాను. వారం రోజులు కాలేజీ నుంచి అశోక్‌నగర్ దాకా నడుస్తూ ఆ పిల్ల జడ్జి, నేను లాయరు. రోజూ ఏదో అడ్డు ప్రశ్న వేసేది. చిక్కడపల్లి చౌరస్తాలో ఆటోల హారన్లను మించి అరిచాను. ఒకసారి మిర్చి బజ్జీల బండి ముందు నిలబడి, "ఖాళీ చేయమనడానికి సరైన కారణం ఏది?" అని గద్దించాను. బండి అతను బెదిరిపోయి, "ఏమైందక్కా? ఎవరు ఖాళీ చేయమన్నరు?" అన్నాడు.

రెండోసారి ఉత్త చేతులతో నిలబడ్డాను. లెక్చరర్ ఆగారు. ఒక్క క్షణం భయమేసింది, తర్వాత మొదలుపెట్టాను. ఇలాంటి దావాలు యజమానుల తరఫున ఎన్ని టైపు కొట్టానో! ఎక్కడ అతుకు వేస్తారో నాకు తెలియదా? నోటీసులో కొడుకు కాపురానికి ఇల్లు కావాలన్నారు, దావాలో కొడుకు షాపుకు కావాలంటున్నారు, ఇందులో ఏది నిజమని అడిగాను. ఆయన ఆపబోతే, "పూర్తి చేయనివ్వండి సార్" అన్నాను. నా గొంతు గది చివరి బెంచీ దాకా వెళ్లడం నాకే వినిపించింది. ఎంత బాగుందో చెప్పలేను.

అంతా విని, లెక్చరర్ తీర్పు చెప్పారు. కిరాయిదారు ఇల్లు ఖాళీ చేయాల్సిందేనట!

ఇరవై ఏళ్లలో ఎన్నో తీర్పుల నకళ్లు తీశాను. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా నాకు చీమ కుట్టినట్టైనా లేదు. ఇప్పుడు, లేని ఇంట్లోంచి లేని మనిషిని పంపేస్తుంటే ఒళ్లు మండిపోయింది. లెక్చరర్ మార్కులు వేసి, నా వైపు చూసి నవ్వి, "పాసయ్యారమ్మా, కూర్చోండి" అన్నారు.

"మార్కులు తర్వాత సార్," అన్నాను, "ముందు అప్పీలు సంగతి తేల్చండి."